భయం పోయిన మణెమ్మ

మెదడు జ్వరం తగ్గి ఇంటికొచ్చాక మణెమ్మకు భయమన్నదే లేకుండా పోయింది. పిల్లి అరిస్తే ఉలిక్కిపడే మనిషి, తేలును తోక పట్టుకుని గోడవతల పారేస్తోంది. మెదడులో భయం పుట్టే చోటు దెబ్బతిన్నదనీ, చంటిపిల్లను ఆమె ఒక్కదానికే వదలొద్దనీ గుంటూరు డాక్టరు చెప్పాడు. అత్త ఆరోగ్యమ్మ మాత్రం మరియమాతే కోడలికి ధైర్యమిచ్చిందని గుడిలో కొవ్వొత్తులు వెలిగించి వచ్చింది.

ఆ రాత్రి రెంటచింతలలో ఆకు కదల్లేదు. ఇద్దరూ వాకిట్లో నీళ్లు చల్లి మంచాలు వేసుకున్నారు. ఉక్కకు పిల్ల గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపులోనే ఆరోగ్యమ్మకు కునుకు పట్టింది.

మెలకువ వచ్చేసరికి ఏడుపు లేదు. పక్క మంచం ఖాళీ.

"ఏమే మణీ!"

"ఇక్కడున్నా అత్తా." మాట పెరట్లోని బావి దగ్గర్నుంచి వచ్చింది.

మణెమ్మ కాళ్లు లోపలికి వేలాడేసి గట్టు మీద కూర్చుని ఉంది. ఆమె తొడల మీద, నీళ్లకు పైన, పిల్ల నిద్రపోతోంది.

ఆరోగ్యమ్మ మెల్లగా దగ్గరికి నడిచింది. "పిల్లని ఇటియ్యమ్మా. నా తల్లివి కదూ."

"లోపల్నించి చల్లగా వస్తంది. ఏడుపు ఎట్టా మానిందో చూడు. నీ చేతులేంది అట్టా వణుకుతున్నయ్?"

మణెమ్మ అత్త ముఖంలోకి చాలాసేపు చూసింది. అక్కడ ఏముందో ఆమెకు అంతుపట్టలేదు.

"జొరమొచ్చిందా ఏందత్తా?" అంటూ, నుదురు తాకి చూడటానికి పిల్లను పట్టుకున్న చేతిని చాచింది.