నాన్న దిగిన కొండ

"సొంతమనిషిని తాడు కట్టి కొండ దింపు. ఉద్యోగం నీదే," అన్నారు సాహస శిక్షణ కేంద్రం పెద్దసారు.

నాన్నను తీసుకెళ్లాను. కాలేజీలో నేను చేసిన సాహస క్రీడల డిగ్రీని ఆయన కోతిచదువు అంటారు.

అంచున నిలబెట్టి, నడుముకు తాడు బిగించాను. "వెనక్కి వాలండి నాన్నా. నేను పట్టుకున్నాను."

"ఇన్నేళ్లు చదివింది నన్ను తోసెయ్యడానికా?"

నా చేతులు వణికాయి. ఆయన మాత్రం మేడమెట్లు దిగినట్టు దిగి, కళ్లజోడు సర్దుకున్నారు. "ఇంతేనా? దీనికో డిగ్రీ."

ఉద్యోగం వచ్చింది. నాన్నకు ఇంత ధైర్యం ఉందని తెలియదన్నాను సారుతో.

సారు నవ్వారు. "నిన్న నీకు చెప్పకుండా ఇక్కడికి వచ్చారు. నేను దించితే, కళ్లు మూసుకుని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. కిందికి రాగానే, 'రేపు నేను వణికితే పిల్ల చెయ్యి వణుకుతుంది, ఇంకోసారి దించండి' అంటూ సాయంత్రం దాకా నన్ను వదల్లేదమ్మా."