చాచని చేతులు

ఏడాది నిండని కొడుకును చెల్లెలు అందించబోతే అన్నయ్య చేతులు చాచలేదు. "వదినకివ్వమ్మా, నాకు జలుబుగా ఉంది" అన్నాడు. తుమ్మూ లేదు, దగ్గూ లేదు.

ఆమె అనుమానం ఇవాళ్టిది కాదు. కొన్నాళ్లుగా తను గుమ్మంలో అడుగు పెట్టగానే అన్నావదినలు మాట మారుస్తున్నారు. ఎంత ఉక్కపోసినా అన్నయ్య నిండు చేతుల చొక్కా వదలడు. మంచినీళ్లిస్తే బల్లమీద పెట్టమంటాడు. రెండేళ్ల క్రితం రక్త క్యాన్సర్‌తో చావు అంచుల దాకా వెళ్లినవాణ్ణి, తన ఎముక మూలుగనిచ్చి బతికించుకుంది. అలాంటి తను ఇప్పుడెందుకు చేదయింది? వదినే ఏదో నూరిపోసి ఉంటుంది. వట్టి అనుమానమని భర్త కొట్టిపారేసినా ఆమె మనసు ఊరుకోలేదు.

గురువారం పొద్దున ఫోన్ చేస్తే, చుట్టాలింటికి వచ్చామని వదిన చెప్పింది. వెనకాల మైకులో ఎవరో తరువాతి పేషెంటును పిలుస్తున్నారు. చెల్లెలు పిల్లాణ్ణి భర్తకప్పగించి, అన్నయ్యకు మూలుగ మార్పిడి చేసిన ఆసుపత్రికి బయల్దేరింది.

డాక్టరు గది బయట ఆమెను చూసి వదిన తెల్లబోయింది. లోపలికి వెళ్లొద్దని చెయ్యి పట్టుకుంది.

"మా అన్నయ్యను చూడ్డానికి నీ అనుమతి కావాలా వదినా?" అని విదిలించుకుని తలుపు తోసింది.

అన్నయ్య బనియనుతో నిలబడి ఉన్నాడు. డాక్టరమ్మ చేతులు పైకెత్తమంది. భుజాలు దాటి లేవలేదు. అరచేతులు ఆనించమంటే మధ్యలో సందు మిగిలింది. మోచేతి కింద చర్మం పట్టి లాగబోతే, చెక్కలా బిగుసుకుని వేళ్లకు చిక్కలేదు. గొంతుకూర్చోమంటే సగంలోనే మంచం కోడు పట్టుకున్నాడు.

చెల్లెలి కోపమంతా నీరుకారిపోయింది.

"పిల్లాణ్ణి ఎత్తుకోలేకనా అన్నయ్యా? నాకు చెబితే ఏం పోయేది?"

కాస్త పట్టేసిందంతే, తగ్గిపోతుందంటూ అతను నవ్వబోయాడు.

ఆమె అతని చెల్లెలని తెలుసుకుని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. కండరాల మీది పొరలు, కీళ్లు బిగుసుకున్నాయనీ, మందులతో, వ్యాయామంతో చాలావరకు సడలించవచ్చనీ అంది.

"అసలిది ఎందువల్ల వచ్చింది డాక్టర్?"

అన్నయ్య చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. కొలతలు రాసుకుంటున్న డాక్టరమ్మ అది చూడలేదు.

"మూలుగ ఇచ్చినవాళ్ల కణాలే ఈయన ఒంటిమీద తిరగబడ్డాయమ్మా."