తోడు రాయి

తెల్లారేసరికి గాజు తొట్టిలో నీళ్ళు ఎర్రబడ్డాయి.

కేశవకు ఒళ్ళు మండింది. బెంగళూరు చేపల షాపు వాళ్ళు ఇచ్చిపోయిన కార్డు చూసి ఫోన్ కొట్టాడు.

“ఏమప్పా, బళ్ళారి పక్కన కప్పగల్లులో ఉప్పునీళ్ళ తొట్టి పెట్టిపోతిరి గదా. కేశవని మాట్లాడేది. నీళ్ళు నెత్తురు మాదిరి అయినాయి, ఏంది కథ?”

“అయ్యా, ఇది...” అని ఒక ముసలి గొంతు మొదలుపెట్టింది.

“ఇదీ లేదు, అదీ లేదప్పా. నా బిడ్డకు ఆయాసం. దుమ్ములోకి పంపొద్దన్నాడు డాక్టరు. బడి లేదు, ఆట లేదు, కిటికీ కూడా తీయం. అన్నం ముందర పెడితే మొగం తిప్పుకుంటాది. చేపలన్నా చూసుకుంటాదని తొట్టి పెట్టిస్తే అదీ ఇట్లయింది. దానికి ఏమని చెప్పల్ల?”

“లోపల ఏం వేశారయ్యా?” అని అడిగాడు ముసలాయన.

“రాయి. ప్రాణమున్న రాయి కావల్నా, ఎండు రాయి కావల్నా చెప్తే పంపుతామని మీవాళ్ళే అనిరి గదా. ఎండు రాయికి మీ దాకా ఎందుకని మా లారీలోది ఒకటి ఏసినా.”

లారీలోది ఇనుప ఖనిజం. కేశవ లారీలన్నీ రాత్రీ పగలూ మోసేది అదే, కూతురు యశస్విని ఛాతీలో చేరిన దుమ్మూ అదే. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. పైకి ఎవరూ అనరు.

“ఒక్క రోజు ఆగండి. కనుక్కొని చెప్తాను” అన్నాడు ముసలాయన.

“చేపలు అమ్మేవానివి నువ్వు. నువ్వు ఇంకెవర్ని కనుక్కుంటావప్పా?”

విసురుగా ఫోన్ పెట్టేశాడు కేశవ.

మర్నాడు ముసలాయనే ఫోన్ చేశాడు.

“ఆ రాయి తీసేసి నీళ్ళన్నీ పారబోయండి. ఎండు రాయంటే కొండ రాయి కాదట. సముద్రంలోదే, ఎండబెట్టినదట.”

“అట ఏంది? నీకు తెల్దా?”

“ప్రాణమున్న రాయి తడిగోనెలో చుట్టి పంపుతారు. దాని సందుల్లో కంటికి కనపడని జీవాలుంటాయి. అవే నీళ్ళను శుభ్రంగా ఉంచుతాయి, చేపను త్వరగా వదలొచ్చు. కాకపోతే వాటితోపాటు పురుగులూ పీతలూ వచ్చిపడతాయి. ఎండు రాయితో ఆ బాధ లేదు. కానీ నెలల తరబడి ఆగాలి.”

“ఏదో ఒకటి తెగేసి చెప్పు.”

“రేపు చెప్తాను.”

కేశవ తల పట్టుకున్నాడు. కూరెకుప్ప రోడ్డు మీద లారీ అరగంట ఆగితే డ్రైవర్ని దులిపేసే మనిషి. అలాంటి వాడికి దొరికాడు ఈ రేపాయన.

మూడోసారికి జవాబు వచ్చింది.

“ఎండు రాళ్ళే వేద్దామయ్యా. వాటి మధ్య ప్రాణమున్నది ఒక్కటి చాలు. పాలలో తోడు వేసినట్టు. దాని ప్రాణమే మెల్లగా మిగతా వాటికీ పాకుతుంది.”

ఇదొక్కటి మాత్రం కేశవకు అర్థమైంది. రాళ్ళు బస్సులో వచ్చాయి. ఇక రోజూ ఫోనే.

“గాజుకు గోధుమరంగు జిగురు పట్టింది, చూడు.”

“కనుక్కుంటాను.”

“కనుక్కో, కనుక్కో. నీ జన్మంతా కనుక్కుంటానే ఉండు.”

మర్నాడు, “అది మంచిదేనట. దానంతటదే పోతుంది. పాప అన్నం తింటోందా?”

“దాని అన్నం నీకెందుకప్పా? చేప ఎప్పుడొస్తాది, అది చెప్పు.”

ఇంత మొద్దు షాపువాణ్ణి తన జన్మలో చూడలేదని ఇంటిల్లిపాదికీ చెప్పాడు కేశవ. ఆయన పేరేమిటో మాత్రం ఒక్కనాడూ అడగలేదు.

చివరికి ఒకరోజు, “ఇప్పుడు వదలొచ్చునట” అన్నాడు ముసలాయన.

ప్లాస్టిక్ సంచిలో నారింజ రంగు చేప వచ్చింది, ఒంటి మీద తెల్లటి పట్టీలతో. యశస్విని కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చుంది. చేప ఆ తోడు రాయి వెనక దాక్కుని బయటికి వస్తుంటే, ఎవరూ బతిమాలకుండానే కంచంలో అన్నం ఖాళీ చేసింది.

కేశవ కళ్ళు చెమర్చాయి. ఫోన్ మాత్రం చేయలేదు. పని అయిపోయాక ఎందుకు?

కొన్నాళ్ళకు టైర్ల పని మీద బెంగళూరు వెళ్ళినప్పుడు ఎందుకో మనసు లాగి, చేపల షాపు వెతుక్కుంటూ పోయాడు.

“మీ ముసలాయన యాడప్పా? నోటికొచ్చినట్టు తిడితిని. ఒక మంచి మాట చెప్పిపోదామని వస్తి.”

షాపతను తెల్లబోయాడు.

“ముసలాయనా? ఆయన మీ మనిషి గదా సార్?”

“నా మనిషేంది? నేను రోజూ ఫోన్ చేస్తాంటే పలికింది ఆయనే గదా.”

“మాకు మీ ఫోనే రాలేదు సార్. బళ్ళారి పాప కోసమని ఆయనే బస్సు దిగి వస్తాండె. అడిగిందే అడిగి మా ప్రాణం తోడేస్తాండె. రాళ్ళు కూడా ఆయన ఏరిచ్చినవే.”

కేశవ కార్డు తీసి, ఫోన్‌లో నంబరు చూపించాడు. షాపతను రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

“కార్డులో కన్నడ అంకెలు సార్. చివర ఉండేది ఆరు. చూసేకి రెండూ ఒకే మాదిరి ఉంటాయి, మీరు తొమ్మిది కొట్టినారు.”

అక్కడే నిలబడి అదే నంబరుకు మళ్ళీ చేశాడు కేశవ. ఈసారి ఒక పెద్దావిడ పలికింది. బళ్ళారి అనగానే గుర్తుపట్టింది.

“కేశవగారా? చేప బతికిందా అయ్యా?”

“బతికిందమ్మా. బిడ్డ అన్నం తింటాంది. పెద్దాయనకు ఒకసారి ఇస్తారా?”

“ఆయన పోయినవారమే పోయారయ్యా.”

కేశవ చేతిలోని కార్డు వంక చూశాడు.

“రాంగ్ నంబరని ఒక్క మాట చెప్పింటే సరిపోయేది గదమ్మా.”

“నేనూ అదే అన్నానయ్యా” అంది ఆవిడ. “‘అడ్రసు తప్పు రాశారని ఉత్తరం పారేస్తామా’ అన్నారు, జన్మంతా పోస్టుమ్యాన్‌గా తిరిగిన మనిషి కదా.”