నల్లగుడ్డ

బెనెడిక్ట్ సన్యాసుల మఠం గుమ్మంలోనే లోరెంజ్ కోటు తెరిచి, పందుల్ని కోసే కత్తి చూపించాడు.

"రూపెర్ట్ ఎక్కడ, బ్రదర్? బీరు పందిట్లో నా తమ్ముడి తల పగలగొట్టినోడు. జైలు నుంచి తిన్నగా ఇక్కడికొచ్చి దాక్కున్నాడని ఇన్నేళ్లకి తెలిసింది."

తలుపు తీసిన ముసలి సన్యాసి కత్తి వంక చూడలేదు. "అతను చనిపోయి ఇరవయ్యేళ్లయింది. రా, చూపిస్తా."

చర్చిలో, బలిపీఠం ముందు ఒక రాయి చూపించాడు. "ఇక్కడే పడుకోబెట్టి నల్లగుడ్డ కప్పారు. చావుగంట కొట్టారు."

"ముందే చచ్చి నా నోటికాడి కూడు లాక్కుపోయాడు," అని లోరెంజ్ ఆ రాతిమీద ఉమ్మాడు. కసి తీరక సన్యాసినే కొట్టాడు. కిందపడ్డాక డొక్కల్లో తన్నాడు. పన్నొకటి ఊడి రాతిమీద పడింది. ముసలాయన చెయ్యి అడ్డుపెట్టలేదు.

లోరెంజ్ రొప్పుతూ కూలబడ్డాడు. "మా వాడు పోయేముందు ఏమన్నాడో అడగాలనుకున్నా. అది ఆ రూపెర్ట్ ఒక్కడికే తెలుసు."

సన్యాసి నెత్తురు మింగాడు. "'మా అన్న రాకముందే పారిపో. నిన్ను చంపి వాడు జైలుకి పోతాడు' అన్నాడు."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. సన్యాసం పుచ్చుకునే రోజున మా అందరికీ ఆ గుడ్డ కప్పుతారు, బతికుండగానే. లేచాక కొత్త పేరు పెడతారు."

లోరెంజ్ కత్తి బయటికి తీశాడు. "రూపెర్ట్."

ఇరవయ్యేళ్ల తరవాత మొదటిసారి, ఆ పేరుకి సన్యాసి పలికాడు.