ఆరున్నొకటి

"ఆరున్నొకటా! అదెక్కడి అంకె అమ్మా?"

కోటిపల్లి రేవులో, పడవ ఎక్కే చెక్క పక్కన నిలబడి ప్రొఫెసర్ నాగేశ్వరప్రసాద్ గారు ఊపిరి తిప్పుకోకుండా కేకలేస్తున్నారు. ఎదురుగా తలొంచుకుని తేజస్వి, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. ఇద్దరి మధ్యా స్టూలు మీద ఆ పిల్ల ఇన్నేళ్ల కష్టం: ఓ పెట్టె, దానికో కెమెరా, ఓ స్పీకరు. చెక్క మీద మనిషి కాలు పెట్టగానే కెమెరా లెక్కపెడుతుంది, స్పీకరు పైకి చెబుతుంది. పడవలో జనాన్ని కుక్కితే గోల పెడుతుంది. అంతవరకూ బాగానే ఉంది. వచ్చిన చిక్కల్లా ఆ గొంతుతోనే.

గొంతు తేజస్వి వాళ్ల మామ్మ సంపూర్ణమ్మది. ఒకటి అనమంటే 'లాభం' అంది. ఏడు అనమంటే 'ఆరున్నొకటి' అంది.

"ధాన్యం కొలిచేవాళ్లు అలాగే అంటారండి. మామ్మకి చిన్నప్పట్నుంచీ అదే అలవాటండి."

"అలవాట్లు మీ గాదె దగ్గర! ఇది ఇంజనీరింగు! కాసేపట్లో కాకినాడ నుంచి ఎగ్జామినర్ గారు దిగుతారు. యంత్రానికి ఏడు రాదంటే నీ థీసిస్ ఇక్కడే గోదాట్లో కలిపేస్తారు. ఆవిడకి ఫోన్ చెయ్. ఇప్పుడే అనిపించు!"

తేజస్వి తణుకు ఫోన్ చేసింది. తండ్రి ఎత్తి, మంచం దగ్గరికి తీసుకెళ్లి ఇచ్చాడు. ముందు చిన్న దగ్గు వినబడింది, తర్వాత మామ్మ.

"ఏంటే తల్లీ, అన్నం తిన్నావా?"

"తిన్నాలే గానీ మామ్మా, ఒక్కసారి ఏడు అనవా? రికార్డు చేసుకుంటాను."

"ఛీ, నోరు ముయ్యి. పచ్చగా ఉండాల్సిన పిల్లని పట్టుకుని ఏడవమంటానా?"

"అబ్బ, అది అంకె మామ్మా!"

"అంకె నీకు. ఈ వయసొచ్చేదాకా నా నోటంట రాని మాట, ఇవాళ నీ పెట్టె కోసం వస్తుందా?" మామ్మ మళ్లీ దగ్గింది. అంతలోనే గొంతు మెత్తబడింది. "అయినా ఎందుకే తొందర? ఆ మాట అనాల్సిన రోజొస్తే నేనే అంటాను. నువ్వు అడగక్కర్లేదు."

అని ఫోన్ కొడుకు చేతికిచ్చేసింది. ముసలమ్మ మొండితనం ముందు ఏ యూనివర్సిటీ పనిచేస్తుంది?

ప్రొఫెసర్ గారు నెత్తి కొట్టుకున్నారు. "సరే, ఆ ఆరున్నొకటి పీకెయ్. ఆ చోటు ఖాళీగా ఉంచు. ఆరుగురినే ఎక్కిద్దాం. ఆరు దగ్గర ఆగిపోతే ఏడు సంగతి ఎవడడుగుతాడు?"

తేజస్వి ల్యాప్‌టాప్ తెరిచి ఆ ముక్క తీసేసింది. ఏడో లెక్కకి ఇక పెట్టె నోట ఏ మాటా లేదు. మామ్మని కాస్త చెరిపేసినట్టనిపించి మనసు చివుక్కుమంది.

ఎగ్జామినర్ శ్యాంబాబు గారు వచ్చారు. మాట తక్కువ మనిషి. గట్టు మీద కుర్చీ వేయించుకుని, "కానివ్వండి" అన్నారు.

కాలేజీ పిల్లలు ఒక్కొక్కరే చెక్క మీదుగా పడవలోకి నడిచారు.

"లాభం," అంది స్పీకరు. శ్యాంబాబు గారి మీసం కింద నవ్వు మెదిలింది. "రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు."

ఆరోవాడు వెళ్లి కూర్చున్నాడు. ప్రొఫెసర్ గారు హమ్మయ్య అనుకుంటూ చేతిరుమాలు తీశారు.

అప్పుడు చెక్క కిర్రుమంది. ఎవరో బరువుగా కాలు మోపినట్టు మధ్యలో వంగి, మళ్లీ మెల్లగా లేచింది. దాని మీద ఎవరూ లేరు. గాలి కూడా లేదు.

"ఏడు," అంది స్పీకరు.

తేజస్వి చటుక్కున పెట్టె వైపు తిరిగింది. గొంతు మామ్మదే. కానీ ఆ మాట మామ్మ చెప్పలేదు, తను రికార్డు చెయ్యలేదు. పెట్టెలో ఆ చోటు ఖాళీ.

"ఆరుగురే కదమ్మా ఎక్కింది?" అన్నారు శ్యాంబాబు గారు.

"ఏంటిది తేజస్వీ! లెక్క కూడా తప్పుతోంది!" ప్రొఫెసర్ గారి మొహం మాడిపోయింది. "ముందు దాన్ని ఆపు!"

ఆమె బ్యాటరీ తీగ ఊడబీకింది. పెట్టె మీద లైటు ఆరిపోయింది. అదే క్షణాన చేతిలో ఫోన్ మోగింది. నాన్న.

"తేజూ... మామ్మ పోయిందమ్మా. నీతో మాట్లాడి అటు తిరిగి పడుకుంది. కాఫీకి లేపితే పలకలేదు. నువ్వక్కడ ఏడవకు. పెద్దవాళ్లున్నారు, బావుండదు. ఆ పరీక్షేదో కానిచ్చుకుని రా. నువ్వు డాక్టరేటు తెచ్చుకోవాలనేగా మామ్మ ఆశ కూడా."

"ఊ" అని తేజస్వి ఫోన్ పెట్టేసింది.

"ఏమైనా ఇబ్బందా అమ్మా?" శ్యాంబాబు గారు అడిగారు.

"ఏం లేదండి." కంట్లోంచి ఒక్క చుక్క కూడా జారనివ్వలేదు. "మళ్లీ మొదట్నుంచీ చూపిస్తానండి."

వంగి, ఊడిపోయి వేలాడుతున్న తీగని చేతిలోకి తీసుకుంది. ఇంకా తగిలించలేదు.

స్పీకర్లోంచి చిన్న దగ్గు వినబడింది.

"ఏడు తల్లీ... ఏడు."