తిమింగలం పన్ను

మా అన్న కెప్టెనుగా వెళ్ళిన ఓడ ఆయనతో సహా మునిగిపోయింది. ఇసికేలి ఆ ఓడ యజమాని. అతడు మా ఇంటి చాపమీద మోకరిల్లి, తిమింగలం పన్నును రెండు చేతులతో నా ముందుకు చాచాడు. మా దీవుల ఆచారంలో దానిని అందుకుంటే తప్పు మన్నించినట్లే. ఆపైన ఇంట్లో ఎవరూ నోరెత్తరాదు.

"ఓడ అడుగు తుప్పుపట్టి చిల్లులు పడిందని మీ అన్న మొత్తుకున్నాడయ్యా. నేనే బలవంతంగా పంపాను. పాపం నాది."

మా వదిన లితియా ముఖం కప్పుకొని ఏడ్చింది. ఇంటి పెద్దగా నేను పన్నును అందుకున్నాను.

ఇసికేలి ఊపిరి పీల్చుకొని కావా పానీయం పోసిన కొబ్బరి చిప్ప ఎత్తి గటగట తాగాడు.

"రేపు సువా పట్నంలో విచారణ. అది సముద్రానికి పనికిరాని ఓడ అని బీమావాళ్ళ వాదన. ఓడ బంగారం, కెప్టెనే తాగి పడుకున్నాడని చెబుతాను. మన్నించేశారుగా, ఏమనుకోకమ్మా!"

అతడు మన్నింపు కోరినది జరిగినదానికి కాదు, రేపటి అబద్ధానికి.

లితియా నా చేతిలోని పన్నును లాక్కొని అతని ఒడిలో పడేసింది.

"తాగి పడుకున్నాడంటివే, ఆయన ఈ పన్ను ఇంకా పుచ్చుకోలేదుగదన్నా! నీ రెండో ఓడా బంగారమేగా? ఎక్కి వెళ్ళి, ఆయన చేతికిచ్చి రా. అప్పుడు మూసుకుంటా నోరు."