నెలనెలా బిగించాల్సిన తీగ

“నోరు ఇంకాస్త తెరువు,” అన్నాడు డాక్టరు.

కుర్చీలో వెనక్కి వాలిన పదమూడేళ్ళ పిల్ల నోరు తెరిచింది. కళ్ళు మాత్రం ఆయన ముఖం మీదే నిలిపింది.

పక్కన ట్రే పట్టుకుని నిలబడ్డ నర్సుకి అది వింతగా తోచింది. ఈ క్లినిక్కులో చేరి పది రోజులే అయినా, అంతకుముందు మరోచోట ఆరేళ్ళు పనిచేసిన మనిషి ఆమె. ఇలాంటి కుర్చీ ఎక్కిన పిల్లలు కళ్ళు గట్టిగా మూసుకోవడమే ఇంతవరకు చూసింది.

పిల్ల తల్లి గోడవారగా కుర్చీ అంచున కూర్చుంది. ఒళ్ళో చేతిసంచి. వచ్చినప్పటి నుంచి డాక్టరు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మాట్లాడినా ఎదుటి గోడ మీద పళ్ళు తోముకునే పద్ధతి చూపించే పోస్టరుతోనే మాట్లాడుతోంది. ఎప్పుడో ఇక్కడే పన్ను పీకించుకుని, గొడవపడి వెళ్ళిన మనిషేమో అనుకుంది నర్సు.

“పై వరసలో రెండు పళ్ళు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. భయపడేదేం లేదు,” అన్నాడు డాక్టరు మాస్కు కిందికి లాగి. “రెండు దారులున్నాయి. క్లిప్పులైతే పళ్ళకి అతికించి తీగ వేస్తాను. నెలనెలా వచ్చి ఆ తీగ బిగించుకోవాలి. అలైనర్లైతే గాజులా పల్చటి తొడుగులు, పెట్టుకున్నా కనపడవు. తినేటప్పుడు తీసెయ్యొచ్చు. అన్నీ ఒకేసారి డబ్బాలో పెట్టి ఇచ్చేస్తాను. రెండు వారాలకొకటి చొప్పున ఇంట్లోనే మార్చుకోవచ్చు.”

“మరి ఇక్కడికి రావడం?” తల్లి పోస్టరుని అడిగింది.

“మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి. అంతే.”

“అయితే డబ్బాయే ఇవ్వండి.”

డాక్టరు చేతిలోని అద్దం ట్రేలో పెట్టాడు. “ఈ పళ్ళకి అదే మంచిది కూడా,” అన్నాడు. మంచిమాటే అయినా, చెడు కబురు చెప్పేవాడిలా చెప్పాడు.

పిల్ల లేచి కూర్చుంది. “నాకు క్లిప్పులే కావాలి.”

“ఏంటే? కనపడనివి కావాలి, కనపడనివి కావాలి అని ఏడాది నుంచి నా బుర్ర తిన్నావు కదే!”

“మనసు మార్చుకున్నా.”

“బడి నాటకంలో రాణి వేషం నీది. నోటినిండా ఇనుము పెట్టుకున్న రాణిని ఎక్కడైనా చూశావా?”

“ఆ వేషం ఇంకెవరికైనా ఇచ్చేస్తా. నేను భటుణ్ణవుతా. భటుడికి మాటల్లేవు, నోరు తెరవక్కర్లేదు.”

నర్సు నవ్వు ఆపుకుంది. తల్లికి మాత్రం నవ్వు రాలేదు.

“ఆ వేషం కోసం రెండు నెలలు అద్దం వదల్లేదు నువ్వు. ఇంటి పక్కనే డాక్టరుండగా రెండు బస్సులు మారి ఇక్కడికే రావాలన్నావు, సరే అన్నాను. ఇప్పుడు ఇది కూడానా?”

పిల్ల డాక్టరు వైపు తిరిగింది.

“నెలనెలా అంటే ఎన్ని నెలలు?”

“పద్దెనిమిది.”

“వచ్చినప్పుడల్లా ఎంతసేపు పడుతుంది?”

“ఇరవై నిమిషాలు.”

“అంతేనా?” పిల్ల ముఖం చిన్నబోయింది. “పద్దెనిమిది నెలలు దాటదా?”

“క్లిప్పు ఊడితే దాటుతుంది. అప్పుడు మధ్యలో కూడా రావాలి.”

“ఏం తింటే ఊడుతుంది?”

“ఐసుగడ్డ, మొక్కజొన్న కంకి, గట్టి బిళ్ళలు. పెన్సిలు కొరికినా ఊడుతుంది.”

పిల్ల సంచిలోంచి నోటుపుస్తకం తీసి అన్నీ వరసగా రాసుకుంది. ఎంత జాగ్రత్త గల పిల్లో అని నర్సు ముచ్చటపడింది.

“నొప్పి ఉంటుంది మరి,” అన్నాడు డాక్టరు. “బిగించిన రోజు అన్నం కూడా నమలలేవు.”

“పర్వాలేదు.”

“బుగ్గలోపల ఒరుసుకుని పుండు పడుతుంది.”

“పడనీ.”

“బళ్ళో వెక్కిరిస్తారు.”

“వెక్కిరించనీ. అందరికీ ఇలాగే వద్దని చెప్తారా, నాకేనా?”

డాక్టరు చూడాల్సిన నోరేదీ లేకపోయినా మాస్కు మళ్ళీ పైకి లాక్కున్నాడు. అందరితో ‘చీమ కుట్టినట్టు కూడా ఉండదు’ అనే మనిషి ఈ పిల్లని ఎందుకింత భయపెడుతున్నాడో నర్సుకి అంతుపట్టలేదు.

తల్లి పోస్టరు మీదినుంచి చూపు తిప్పి కూతురి వైపు చూసింది. ఎక్కడ కాదంటారోనని పిల్ల ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. ఒక ఇనుపతీగ కోసం ఇంత ఆశపడేవాళ్ళుంటారని నర్సుకి ఇంతవరకు తెలియదు.

“నెలకోసారేగా,” అంది తల్లి చివరికి. “నేనే తీసుకొస్తా. బయట బెంచీ మీద కూర్చుంటా. నువ్వొక్కదానివే లోపలికి వెళ్దువుగాని.”

పిల్ల కుర్చీలోంచి ఒక్క ఉదుటున దూకి తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. డాక్టరు ఆ ఇద్దరినీ చూసి, వాళ్ళకేదో చెప్పబోయి, నర్సు వైపు తిరిగాడు.

“ప్రతి నెలా మొదటి శనివారం రాసుకో. ఆ సాయంత్రం ఇంకెవరికీ టైం ఇవ్వకు.”

ఇరవై నిమిషాల పనికి సాయంత్రమంతా ఎందుకని అడగబోయి, కొత్త ఉద్యోగం కదా అని నర్సు ఊరుకుంది. పిల్లని ముందుగదిలోకి తీసుకొచ్చి కొత్త కార్డు తీసింది. తల్లి అప్పటికే బయట మెట్ల మీద నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. పేరు, వయసు, తరగతి అన్నీ పిల్లే టకటకా చెప్పింది.

“తండ్రి పేరు?” అడిగింది నర్సు.

“తలుపు మీద బోర్డులో ఉంది, చూసి రాసుకోండి.”